చేతికి తెలియని వేడి

కారు కొత్తది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. తలుపు తెరిస్తే షోరూము వాసన గుప్పుమంటోంది. అయినా బానెట్ మీదికి దీపం వంచేసరికి సాలెగూడు బయటపడింది. ముదురు నీలం రంగు మీద వెంట్రుక కన్నా సన్నటి గీతలు దీపం చుట్టూ గుండ్రంగా కనిపిస్తున్నాయి. దీపాన్ని పక్కకు జరిపితే అవీ దాని వెంట జరుగుతున్నాయి. అప్పగించే ముందు షోరూములో ఎవరో మురికి గుడ్డతో తుడిచారన్నమాట.

నున్నన్న దీపం పట్టుకుని వంగి అలాగే ఉండిపోయాడు. గీతలను చూసి కాదు. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ అతను చేస్తున్నది ఈ గీతలు పోగొట్టే పనే. ఏ కారు ముందు నిలబడినా "నున్నన కావాలి, ఇంకా నున్నన" అని గొణుక్కునే అలవాటు వల్ల ఆ పేరు పడింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు.

అతను చూస్తున్నది బానెట్ అంచును. కారు రంగు మీద గాజులా ఒక పై పూత ఉంటుంది. పాలిష్ మిషను దాన్నే కొద్దికొద్దిగా అరగదీస్తుంది. గీత లోతు వరకూ అరిగితే గీత మాయమవుతుంది. అంతకు మించి అరిగినా, తిరిగే ప్యాడ్ కింద వేడి పుట్టి పూత మెత్తబడినా కింది రంగు తేలిపోతుంది. ఇక దానికి మందు లేదు. ఆ భాగమంతా గీకేసి మళ్ళీ రంగు కొట్టాల్సిందే. అంచుల దగ్గర పూత మరీ పలచన, వేడి మరీ త్వరగా ఎక్కుతుంది.

ఆ వేడిని కనిపెట్టేది చెయ్యి. మిషను ఆపాలి, వేళ్ళు ఆనించాలి, ఫరవాలేదనుకుంటే మళ్ళీ మొదలుపెట్టాలి. నున్నన్న వేళ్ళకు కొంతకాలంగా వేడి సరిగ్గా తెలియడం లేదు. ఆ సంగతి అతనికి తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు.

"ఏంటి బావా, కారుకి దిష్టి తీస్తున్నావా?"

షెడ్డు యజమాని లోపలికి వచ్చాడు. నున్నన్న భార్యకు తమ్ముడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా షెడ్డు నడపగల మనిషి. అతని వెనకే కారు సొంతదారు వచ్చింది. దంతవైద్యురాలు. కారు తనకు పుట్టిన బాబో పాపో అన్నట్టు దాని చుట్టూ ఒకసారి తిరిగి, గోడవారనున్న స్టూలు మీద కూర్చుంది.

"క్లినిక్కి ఇంకా టైముంది. కాసేపు చూడొచ్చా అండీ? మా దగ్గర కూడా పాలిషే కదా. మాకైతే పేషెంటు మూతి వంకర తిప్పితే తెలిసిపోద్ది, ఎక్కువైందని. మీకు కారు చెప్పదుగా."

"కారు మా బావకి చెప్తుందండీ," అన్నాడు బావమరిది. "మా అక్క మాట వినడు గానీ కారు మాట వింటాడు."

ఆవిడ నవ్వింది. నున్నన్న కూడా నవ్వాలి కనుక నవ్వాడు.

"అన్నట్టు బావా, మేడం మైనం వద్దన్నారు. గట్టి కోటింగే వేద్దాం. నువ్వు పాలిష్ చేశాక నేనే స్పిరిట్ పెట్టి తుడుస్తా."

నున్నన్న దీపం స్టాండుకు తగిలించే నెపంతో ముఖం అటు తిప్పుకున్నాడు.

నూనె ఉంటే కోటింగ్ అంటదు. స్పిరిట్‌తో తుడిస్తే పాలిష్‌లోని నూనె అంతా పోతుంది. ఇన్ని నెలలుగా అతన్ని కాపాడుతున్నది ఆ నూనే.

అతని బల్ల మీద ప్యాడ్‌లు వరసగా ఉంటాయి. ఒక చివర గొర్రెబొచ్చు లాంటి ఉన్ని ప్యాడ్, అది అన్నిటికన్నా మొరటుది. తర్వాత గట్టి స్పాంజి, మధ్యరకం స్పాంజి, రెండో చివర బుగ్గలా మెత్తటి స్పాంజి. వాటి వెనక సీసాలు, పూతను బాగా అరగదీసే కోత కాంపౌండ్ నుంచి చివరి మెరుగు పాలిష్ దాకా. కొత్త రంగుకు ఎప్పుడూ మెత్తటి జత నుంచే మొదలుపెట్టాలి. ఒక మూల చిన్న చోట పరీక్షించి, గీత పోకపోతే ఒక మెట్టు ఎక్కాలి, అంతే. ఎవరు అడిగినా అతను చెప్పే పాఠం అదే. కానీ ఈ మధ్య అతను మెట్లెక్కడం మానేశాడు. ఆ సీసాలన్నిటి వెనక నూనె ఎక్కువుండే పాలిష్ ఒకటి ఉంది. మెత్తటి ప్యాడ్ మీద అది వేసుకుని పైపైన తిప్పితే గీతలు పోవు గానీ నూనెతో నిండిపోతాయి. దీపం కింద అద్దంలా ఉంటుంది. పైన మైనం రాస్తే కొన్ని వానల దాకా గుట్టు దాగుతుంది. ఆ తర్వాత సాలెగూడు మళ్ళీ వస్తుంది. అప్పటికి కారు ఎవరి ఇంటి ముందో ఉంటుంది.

ఇదంతా ఒక కాఫీ గ్లాసుతో మొదలైంది. భార్య స్టీలు గ్లాసును కొంగుతో పట్టుకొచ్చి బల్ల మీద పెడుతుంటే అతను మాటల్లో పడి చేత్తో అందుకున్నాడు. "అయ్యో, కాలుతోందండీ!" అని ఆమె అరిచింది. అతను గ్లాసు వదల్లేదు. "మిషను పట్టిన చెయ్యి, ఇనుమైపోయింది," అన్నాడు. "మనిషిని కట్టుకున్నాననుకున్నా, దాకను కట్టుకున్నానా?" అని ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆమె అటు తిరగ్గానే అతను గ్లాసు కింద పెట్టి వేళ్ళు చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే అతన్ని భయపెట్టింది.

ఆ రోజు నుంచీ అతను తన చేతిని దొంగచాటుగా పరీక్షిస్తూ వచ్చాడు. కుళాయి కింద, ఎండలో నిలబెట్టిన కారు మీద, ఉడికే కూర మూత మీద. ఒక్కోసారి వేడి తెలిసేది. ఒక్కోసారి ఏ వేడీ లేని చోట భగ్గున మండేది. అందులోంచి అతను తనకు తాను ఒక ఊరట అల్లుకున్నాడు. ఇది చేతి జబ్బు కాదు, భయం. బెదిరిన మనిషికి పక్కవాడి మాట వినపడదు, నాలుక పిడచకట్టుకుపోతుంది. అలాగే వేళ్ళు కూడా. భయం పోతే వాటికి స్పర్శ అదే తిరిగొస్తుంది. భయమైతే మనసు గట్టి చేసుకోవచ్చు. జబ్బయితే మిషను వదిలెయ్యాలి. మిషను వదిలేసిన నున్నన్న ఎలా ఉంటాడో ఊహించబోతే అతనికి తన ఇంట్లోనే ఎవరో కొత్త మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నట్టనిపించేది.

"మొదలెట్టు బావా," అన్నాడు బావమరిది. "మేడం చూస్తున్నారు."

మెత్తటి ప్యాడ్, మెరుగు పాలిష్. బానెట్ మూల జానెడు చోట తిప్పి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, దీపం వంచాడు. గీతలు కొంచెం కూడా చెదరలేదు. చెయ్యి తనంత తానే వెనకనున్న నూనె సీసా వైపు వెళ్ళింది. సీసా మూత మీద వేలు పడ్డాక ఆగింది. ఇవాళ అది పనికిరాదు. మధ్యరకం స్పాంజి అందుకున్నాడు, మధ్యరకం కాంపౌండ్ దాని మీద చుక్కలుగా పెట్టాడు.

మిషను మొరాయించకుండా తిరిగింది. తెల్లటి కాంపౌండ్ పలచబడి, పారదర్శకమై, తడి పొరలా మారింది. ఆపాడు. వేళ్ళు ఆనించాడు. చల్లగానే ఉందన్నాయి వేళ్ళు. వాటి మాట నమ్మే ధైర్యం లేక, గీతల కోసం చూస్తున్నట్టు ఒరిగి, చెంప బానెట్‌కు ఆనించాడు. చెంపకు వెచ్చగా తగిలింది, అంతే. గోరువెచ్చన.

"మీరు బుగ్గ పెట్టి చూస్తారా?" అంది దంతవైద్యురాలు ఆశ్చర్యంగా.

అతను స్పిరిట్ గుడ్డ కోసం తడుముకున్నాడు.

"ముద్దు పెట్టుకుంటాడండీ," బావమరిది అందుకున్నాడు. "కొత్త కారంటే అంత ప్రేమ. మా అక్కకి చెప్పకండి."

ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చాటున నున్నన్న ఊపిరి పీల్చుకున్నాడు. స్పిరిట్ గుడ్డతో తుడిచి దీపం వంచితే, ఆ జానెడు చోట నీలం ఒక్కటే ఉంది, లోతుగా, అడుగు కనపడని బావిలా. గీత అన్నది లేదు.

బానెట్ అంతా అలాగే చేశాడు. ఆపిన ప్రతిసారీ ముందు వేళ్ళు, తర్వాత చెంప. ఆపిన ప్రతిసారీ రెండూ ఫరవాలేదనే చెప్పాయి. బానెట్ పూర్తయ్యేసరికి అతనిలో ఏదో బిగి సడలింది. వేళ్ళు అబద్ధం ఆడటం లేదు. ఇన్నాళ్ళూ తనే వాటిని నమ్మలేదు. ఇది భయమే. అనుకున్నట్టే భయమే. నవ్వొచ్చింది. దంతవైద్యురాలు క్లినిక్‌కు బయలుదేరుతూ "చాలా బాగుందండీ" అంటే "ఇంకా నున్నన అవ్వాలి మేడం" అని పాత గొంతుతో అన్నాడు.

ఆవిడ వెళ్ళగానే బావమరిది స్టూలు లాక్కుని దగ్గరికి వచ్చాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

"బావా, ఒకటడుగుతా, ఏమనుకోకు. ఇలాగ పని చెయ్యడం నీకు వచ్చు కదా?"

"రాకపోతే ఎవరు చేశార్రా ఇది?"

"మరి మిగతా కార్లు? తెల్ల కారు ఆయన వచ్చి గీతలన్నీ మళ్ళీ తేలాయన్నాడు. ఆ బూడిద రంగు కారావిడ ఫోను మీద ఫోను. ఇంకొకాయన అరిచేసి పోయాడు. నేనే ఏదో సర్దిచెప్పా. నీతో అందామని, అక్క మొహం గుర్తొచ్చి ఊరుకున్నా. నూనె పూసి పంపిస్తున్నావు, అంతేగా?"

ఆ క్షణంలో నిజం నున్నన్న నాలుక చివరి దాకా వచ్చింది. కానీ దాని కన్నా ముందు ఇంకో మాట బయటికి వచ్చేసింది.

"ఒళ్ళు బద్ధకించింది రా. వయసు."

అన్నాక ఎంతో హాయిగా అనిపించింది. బద్ధకస్తుడు. ఆ పేరైతే మొయ్యొచ్చు. బద్ధకస్తుణ్ణి తిడతారు, ఎవరూ జాలిపడరు, చేతిలోంచి మిషను తీసుకోరు.

"బద్ధకమా!" బావమరిది లేచి నిలబడ్డాడు. "అక్క తమ్ముణ్ణని అలుసా? ఇవాళ బంపరు నా ఎదురుగా చెయ్యి. చూస్తా." కోపంగా బల్ల దగ్గరికి వెళ్ళి గట్టి స్పాంజి తీసి చేతిలో పెట్టాడు. "ఇదిగో, ఇది పెట్టు. తొందరగా అయిపోద్ది."

"ఇది వద్దు. కొత్త రంగు, ప్లాస్టిక్ బంపరు."

"పని తప్పించుకోవడానికి వంకలు నీకు కొత్త కాదులే."

గట్టి ప్యాడ్ వద్దని నున్నన్నకు ఖాయంగా తెలుసు. ఇనుప రేకు పుట్టిన వేడిని చుట్టూ పంచేస్తుంది. ప్లాస్టిక్ పంచదు, పుట్టిన చోటే దాచుకుంటుంది. ఇంకో రోజైతే ప్యాడ్ తీసి బావమరిది మొహాన కొట్టేవాడు. ఇప్పుడు బద్ధకస్తుడు కనుక ఏమీ అనలేకపోయాడు. గట్టిదీ కాదు మెత్తదీ కాదన్నట్టు మధ్యరకానిదే బిగించి, కాంపౌండ్ మాత్రం కోతది పెట్టాడు. బావమరిది ఊరుకున్నాడు. ఇద్దరూ తలా కాస్త నెగ్గినట్టయింది. ఆ రాజీ ఎంత తప్పో తెలిసే చేశాడు. బానెట్ ఇచ్చిన ధైర్యం ఇంకా ఒంట్లో ఉంది.

బంపరు మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మిషను పెట్టాడు. అక్కడ చెంప ఆనించాలంటే నేల మీద పడుకోవాలి. బావమరిది నెత్తి మీద నిలబడి ఉండగా నేల మీద పడుకోవడమెలా? అక్కర్లేదు, వేళ్ళు చాలు. వేళ్ళు నిజమే చెబుతున్నాయి. మూల వంపు మీద ప్యాడ్ సన్నగా ఆనుతోంది. కాంపౌండ్ పలచబడింది. ఇంకొక్క తడవ. గీత ఒకటి మొండిగా మిగిలింది, దాని కోసం ఇంకొక్కటి.

ఆపాడు. వేళ్ళు ఆనించాడు. చల్లగానే ఉంది. గోరువెచ్చన కూడా లేదు.

"ఎలా ఉంది?" అని బావమరిది వంగి, అలవాటుగా తనూ పక్కనే చెయ్యి పెట్టాడు.

"అబ్బా!"

చటుక్కున వెనక్కి లాక్కుని వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత బంపరు వైపు చూశాడు. నున్నన్న వేళ్ళు నాలుగూ ఇంకా అక్కడే, తన పడక మీద పడుకున్నంత నింపాదిగా ఆని ఉన్నాయి.

"చెయ్యి తియ్ బావా."

"ఎందుకు?"

"కాలుతోంది! చెయ్యి తియ్!"

నున్నన్న తియ్యలేదు. తియ్యాలని తెలుసు. కానీ తీసేస్తే ఒప్పుకున్నట్టవుతుందని, ఇంకొక్క క్షణం ఉంచితే వేడి తెలుస్తుందేమోనని, వేళ్ళకు చెవి ఒగ్గి విన్నట్టు వాటి కోసం కాచుకుని కూర్చున్నాడు. ఏమీ రాలేదు. చీకటి గదిలోకి పిలిచి జవాబు రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. బావమరిది మణికట్టు పట్టుకుని లాగేశాడు. వేళ్ళ చివర్లు కందిపోయి ఉన్నాయి.

బావమరిది కందిన వేళ్ళను ఒక్కొక్కటే నొక్కి చూశాడు, నొక్కుతూ నున్నన్న ముఖం చూశాడు.

"ఇది ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"అక్కకి తెలుసా?"

"తెలీదు. చెప్పకు."

"చెప్పకు అంటే ఎలా? నేనింకా నువ్వు పని ఎగ్గొడుతున్నావనుకుని..."

"అలాగే అనుకో. అదే నయం."

బావమరిది మిషను ఎత్తి తిరగేసి ప్యాడ్ చూశాడు. పూత తెగి ఉంటే స్పాంజికి నీలం అంటుకోవాలి. స్పాంజి తెల్లగానే ఉంది.

"రంగు రాలేదు బావా. బతికిపోయాం." గొంతు తేలిక చేసుకోవాలని చూశాడు. "దీనికా ఇంత గుండెలు బాదుకోవడం? వేడి చూసే మిషన్లు దొరుకుతాయి, తుపాకీలాగా ఉంటాయి. అలా పెడితే అంకె చెప్పేస్తుంది. రేపే తెస్తా."

"కారు సంగతి అది చెప్తుంది. నా చెయ్యి సంగతి?"

"డాక్టరుకి చూపిద్దాం."

"చూపిస్తే ఏమంటాడో నాకు తెలుసు."

అది బావమరిదికీ తెలుసు. అందుకే తల దించుకుని తన చొక్కా చేతులు పైకి మడవడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ మడత మీద తెల్లటి కాంపౌండ్ మరక పడింది. చూసుకోలేదు.

ఇన్నాళ్ళూ నున్నన్న భయానికి ఎదురుగా ఒక గోడ ఉండేది, ఇది ఉత్త భయమే అనే గోడ. ఇప్పుడు ఆ గోడ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాడు. గీతలు, గోళ్ళు, పాత కోతల మచ్చలు, అన్నీ తనవే. రోడ్డు మీద పోతుంటే ఎదురుపడిన చుట్టంలా ఉన్నాయి. ముఖం తెలుసు, పిలిస్తే పలకదు.

"అవతల మూల మిగిలింది," అన్నాడు చివరికి.

"రేపు చూద్దాం."

"సగం చేసిన బంపరు అలా వదిలెయ్యకూడదు." లేచి బల్ల దగ్గరికి వెళ్ళి కోత కాంపౌండ్ అంటిన ప్యాడ్ విప్పేశాడు. ఇంకో మధ్యరకం ప్యాడ్, దాని మీద మధ్యరకం కాంపౌండ్. ఈసారి ఎవరితోనూ రాజీ పడలేదు. "నేను ఆపినప్పుడల్లా నువ్వు చెయ్యి పెట్టు."

బావమరిది ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద చతికిలబడ్డాడు. మిషను తిరిగింది. నున్నన్న దాన్ని గుడ్డు మీద నడిపినట్టు నడిపి, మామూలుగా ఆపేదాని కన్నా చాలా ముందే ఆపాడు.

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది."

"వెచ్చగా అంటే?"

"వెచ్చగా అంటే... వెచ్చగా. ఎలా చెప్పమంటావు?"

"దేనంత వెచ్చగా?"

బావమరిది ఆలోచించాడు. ఇలా ఆలోచించాల్సి రావడం అతనికీ కొత్త. "ఇస్త్రీ చేసిన చొక్కా అంత."

నున్నన్న మిషను మీట మీద వేలు ఉంచి కళ్ళు మూసుకున్నాడు. ఆ వేడి ఎలా ఉండేదో జ్ఞాపకం చేసుకోవాలని చూశాడు. చొక్కా తొడుక్కుంటే వీపు మీద పరుచుకునేది, మెడ దగ్గర కాస్త ఎక్కువగా ఉండేది. వీపుకు గుర్తుంది. వేళ్ళకు లేదు.

"ఎంతసేపటి కింద ఇస్త్రీ చేసింది?" అని అడిగాడు.